విప్పరాని కుట్టు

మాస్టారు పోయారని మంగళవారం పొద్దున ఫోను వచ్చింది. అప్పుడు నేను అమీర్‌పేట మెట్రో స్టేషన్లో మియాపూర్ రైలు దిగి, హైటెక్ సిటీ రైలు కోసం మెట్లెక్కుతున్నాను. ఫోనులో ఆయన కూతురు. "అక్కా, నాయిన పోయిండు" అంది. ఆ ఒక్క మాట చెప్పి పెట్టేసింది. వెనక నుంచి జనం తోసుకొస్తున్నారు. ఎవరో "జర పక్కకు జరుగమ్మా" అన్నారు. జరిగాను. రైలొస్తే ఎక్కాను కూడా. ఆయన ఉన్నదీ, నేను పనిచేసేదీ ఒకే ఆస్పత్రి. ఆయన్ని ఆఖరిసారి చూడటానికి వెళ్లినా, ఉద్యోగానికి వెళ్లినా నాకు దారి అదే.

మీలో ఎవరైనా కొండాపూర్‌లో అద్దెకుండి, కొన్న జీన్స్ పొడుగైందని కింద మడత కుట్టించుకోవడానికి పాత ఊరి సందులోకి వెళ్లి ఉంటే ఆయన్ని చూసే ఉంటారు. ఒక హాస్టలుకీ ఒక కర్రీ పాయింట్‌కీ నడుమ ఇరుకు దుకాణం. మెడలో టేపు, చెవి మీద నీలం సుద్దముక్క. ప్యాంటు అక్కడ పడేసి "సాయంత్రానికి కావాలి" అంటే, "తొడుక్కొని నిలబడు. నేను ప్యాంటును కాదు, నీ కాలును చూడాలె" అనేవారు. మీకు చిరాకేసి ఉంటుంది. నాకూ వేసింది, ఒకప్పుడు. నేనిప్పుడు చెప్పబోయేది చాలామటుకు ఆ చిరాకు గురించే.

నేను ఆస్పత్రి పరిశోధన విభాగంలో పనిచేస్తాను. కొత్త మందైనా, కొత్త పరికరమైనా రోగుల మీద వాడి చూడాలంటే ముందు ఆస్పత్రి నైతిక కమిటీ ఒప్పుకోవాలి. కమిటీకి కాగితాలు తయారుచేసేదీ, వాళ్లు ఒప్పుకున్నాక రోగులకు విషయం చెప్పి సంతకాలు తీసుకునేటప్పుడు డాక్టరు పక్కన ఉండేదీ నేనే. ఆ కమిటీలో అందరూ డాక్టర్లే ఉంటే కుదరదు. ఒక వకీలు ఉండాలి, వైద్యంతో ఏ సంబంధమూ లేని ఒక సామాన్యుడూ ఉండాలి. అంతకుముందున్న సామాన్యుడు రిటైరైన పెద్ద ఆఫీసరు. ఆయన ఎంత సామాన్యుడో కింద ఆగిన కారు చూస్తే తెలిసేది. వచ్చేవారు, జీడిపప్పు తినేవారు, చూపించిన చోటల్లా సంతకం పెట్టేవారు. నాకు ఆయనంటే చాలా ఇష్టంగా ఉండేది.

ఆయన తప్పుకున్నాక కమిటీ చైర్మన్ గారు, ఆయన రిటైరైన ప్రొఫెసరు, "ఈసారి మాస్టర్‌ని తీసుకొస్తున్నా" అన్నారు. మాది గుడివాడ వైపు. మా వైపు మాస్టారంటే బడిపంతులే. తెల్లచొక్కా వేసుకుని, చేతిలో గుడ్డసంచీతో ఆయన మొదటి మీటింగుకి వచ్చి కూర్చున్నారు. కాఫీ ఇచ్చి, మర్యాద చేద్దామని, "మాస్టారూ, మీరు ఏ సబ్జెక్టు చెప్పేవారండీ?" అని అడిగాను.

"సబ్జెక్ట్ ఏంది బిడ్డ?" అన్నారాయన. "ప్యాంట్లు, షర్ట్లు. పెండ్లిళ్ల టైముల షేర్వానీలు."

డాక్టర్లంతా నవ్వారు. చైర్మన్ గారి ప్యాంట్లు కుట్టే టైలర్ మాస్టరని అప్పుడు తెలిసింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఆయనే కాపాడారు. "మంచిగనే ఉన్నది, మాస్టారనే పిలువు. మా దుకాణంల ఎవ్వరు గంత ఇజ్జత్‌తోని పిలువరు." ఇంకో నిమిషం నన్ను ఎగాదిగా చూసి, "నీ ఎడమ భుజం జర దిగింది బిడ్డ. బ్యాగు ఎప్పుడు గటే ఏస్తవ్, కాదా?" అన్నారు. అప్పటి నుంచి నేను ఆయన్ని మాస్టారనే పిలిచాను.

కొన్నాళ్లకు మాదాపూర్‌లోని ఒక చిన్న కంపెనీ ఒక పరికరం తెచ్చింది. పేగులో చెడిన ముక్కను కోసి తీసేశాక మిగిలిన రెండు కొసల్నీ కలపాలి కదా. చేత్తో కుడతారు, లేదా యంత్రంతో పిన్నులు వేస్తారు. కొందరికి ఆ అతుకు వదిలిపోయి, కడుపు లోపలంతా విషమైపోతుంది. ఈ కొత్త పరికరం పిన్నులతో పాటు అతుకు చుట్టూ ఒక సన్నటి పట్టీ కూడా వేస్తుంది, వదలకుండా. జంతువుల మీద వాడి చూశారు, బాగానే ఉంది. మనుషుల మీద చూడటానికి మా ఆస్పత్రి అనుమతి కావాలి.

ఆ అనుమతి కోసం నాకు ఉద్యోగానికి మించిన ఆత్రం. మా నాన్నగారికి విజయవాడలో పేగు ఆపరేషనైంది. ఐదో రోజున, ఇంక ఇంటికెళ్లిపోదామనుకుంటూ ఇడ్లీ తింటూ ఉండగా వణుకుతో జ్వరం వచ్చింది. కుట్టు వదిలింది. ఆయన మళ్లీ ఇంటికి రాలేదు. అందుకని ఈ పరికరం ఫైలు నా బల్ల మీదికొచ్చిన రోజున దానికి బొట్టొక్కటే పెట్టలేదు. రోగులకిచ్చే తెలుగు ఫారం ఇంకెవరికీ అప్పగించకుండా నేనే కూర్చుని రాశాను. నా తెలుగు బాగుంటుందని నాకో నమ్మకం.

మాస్టారు ఆ ఫారాన్ని ఇంటికి పట్టుకెళ్లి మీటింగు రోజున తిరిగి తెచ్చారు. పేజీ పేజీకీ నీలం సుద్దతో గీతలు. ఆయన పెన్ను వాడేవారు కాదు. అనుమానమున్న చోట బట్ట మీద గీసినట్టే కాగితం మీదా గీసేవారు. పట్టుకుంటే నా వేళ్లకంతా అంటుకుంది.

"గీ 'ట్రయల్' అంటే ఏంది బిడ్డ?" అన్నారు.

"అందరికీ తెలిసిన మాటే కదండీ మాస్టారూ. అందుకే మార్చకుండా అలాగే ఉంచానండి."

"అందరికి తెలుసు. నాకు ఇంక జర ఎక్కువ తెలుసు. షేర్వానీకి ముందుగాల కచ్చా కుట్టు ఏస్తం. తెల్లదారంతోని, దూరం దూరంగ. పెండ్లికొడుకును పిలిచి తొడిగిస్తం. గదాన్నే ట్రయల్ అంటం. భుజం కాడ పట్టేస్తె దారం కొస పట్టి గుంజుత, ఊడొస్తది. మల్ల కుడత. బట్టకు ఏం కాదు. ఇగ నీ ఫారం సదివినోడు ఏమనుకుంటడు? డాక్టర్ సాబ్ ట్రయల్ ఏస్తుండు, సరిగ లేకపోతె ఇప్పి మల్ల కుడతడు అనుకుంటడు. ఇప్పుతరా?"

ఆ ట్రయల్ చేయబోయే సర్జన్ గారు, "విప్పడమనేది ఉండదు. వదిలితే మళ్లీ కడుపు తెరవాలి. అప్పుడు మనిషి దక్కడం కష్టం" అన్నారు.

"మల్ల గీడ జూడు." మాస్టారు పేజీ తిప్పారు. "ఎప్పుడైనా తప్పుకోవచ్చు అని రాసినవ్. కడుపుల ఏసి మూసినంక ఎటు తప్పుకుంటడు?"

"అది అన్ని ఫారాల్లోనూ ఉండే వాక్యమండీ" అన్నాను. నిజమే, అది నా సొంతం కాదు. పాత ఫారం నుంచి ఎత్తి రాశాను.

"అన్ని ప్యాంట్లకు ఒక్కటే నడుమా?" అన్నారు.

ఆ రోజు అనుమతి రాలేదు. ఆ తర్వాతి మీటింగులోనూ రాలేదు. ట్రయల్ అన్న మాటకి బదులు 'అధ్యయనం' అని రాశాను. అధ్యయనమంటే చదువు కదా, కడుపు కోసి చదువుతారా అన్నారు. 'ప్రయోగాత్మక పరిశీలన' అన్నాను. దాన్ని ఆయన పైకి రెండుసార్లు చదివి, దాని కింద సుద్దతో గీత గీశారు. మూడోసారి కూడా వాయిదా పడ్డ రోజున మా ఆఫీసులో అందరికీ వినిపించేటట్టు, "కుట్టుమిషను వాడి చేతికి ఆపరేషన్ మిషను అప్పగిస్తే ఇలాగే ఉంటుంది" అన్నాను. ఆయన లిఫ్టు దగ్గరే ఉన్నారు. విన్నారో లేదో నాకిప్పటికీ తెలియదు. విని ఉంటే మాత్రం, ఏనాడూ విన్నట్టు కనపడలేదు.

ఆ శనివారం ఆయన దుకాణానికి వెళ్లాను, ఎలాగైనా ఒప్పించాలని. లోపల రెండు మిషన్లు. ఒకదాని మీద ఆయన కూతురు జాకెట్లు కుడుతోంది. అద్దం ముందు ఎవరో పెళ్లికొడుకు, ఇంకా ఆఫీసు బిళ్ల మెళ్లోనే ఉంది, కచ్చా కుట్టుతో ఉన్న షేర్వానీ తొడుక్కుని నిలబడ్డాడు. "చెయ్యి లేపు. దించు" అంటున్నారు మాస్టారు. చంక దగ్గర పట్టేసింది. ఆయన తెల్లదారం కొస పట్టుకుని లాగారు. ఆ దారమంతా ఒక్క లాగుకే వచ్చేసింది. పెళ్లికొడుకు నవ్వాడు, ఆయనా నవ్వారు. లాగిన దారాన్ని నా చేతిలో పెట్టి, "గిది ట్రయల్" అన్నారు.

పెళ్లికొడుకు వెళ్లాక అడిగేశాను. "మీ ఇంట్లో ఎవరికైనా ఆస్పత్రిలో అన్యాయం జరిగిందా మాస్టారూ? అందుకేనా ఇంత పట్టు?"

"లేదు బిడ్డ. మా ఇంట్ల ఎవ్వరికి ఏం కాలే." ఆయనకి నిజంగానే ఆశ్చర్యమేసింది. "ఏమన్న అయితెనే అడగాల్నా? అడగంది అమ్మ కూడ బువ్వ పెట్టదంటరు గద. కత్తెర పెట్టకముందు అడిగితె ఫాయిద ఉంటది. పెట్టినంక ఏం అడుగుత?"

అప్పుడు మా నాన్నగారి సంగతి చెప్పాను. చెప్పాలనుకుని వెళ్లలేదు. ఆ పరికరం ముందే వచ్చి ఉంటే ఆయన ఉండేవారేమోనండీ, మీరు మీటింగు వెనక మీటింగు ఆపుతున్నారు, ఈలోపు ఎందరి నాన్నలు పోతున్నారో అన్నాను. ఇది అన్యాయపు మాటని అంటున్నప్పుడే తెలుసు. మిషను మీద కూతురు కాలు ఆపింది. మాస్టారు, "కుట్టు ఊడిపోవచ్చని మీ నాయినకు ముందుగాల ఎవలన్న చెప్పిన్రా?" అని అడిగారు.

ఎవరూ చెప్పలేదు. కూతురు టీ తెచ్చి ఇచ్చింది, తాగి వచ్చేశాను.

ఆ ఆదివారం ఇంట్లో కూర్చుని మొత్తం ఫారం మళ్లీ రాశాను. మొదటి పేజీలో ఈ మాటలు పెట్టాను: "దీన్ని ట్రయల్ అంటున్నాం. కానీ టైలరు దగ్గర వేసే ట్రయల్ లాంటిది కాదు. ఇది కచ్చా కుట్టు కాదు. ఒకసారి వేశాక విప్పలేం. ఆపరేషన్ గదిలోకి వెళ్లేదాకా మీరు వద్దనవచ్చు, వెళ్లాక అనలేరు. ఇది మంచి చేస్తుందో లేదో మాకూ ఇంకా తెలియదు." సర్జన్ గారు చదివి, "ఇది చదివాక ఎవడమ్మా సంతకం పెట్టేది?" అన్నారు. మీటింగులో కూడా అదే అడిగారు. "ఎవ్వరు పెట్టకపోతె పెట్టకపోనియ్ సార్. తెల్వక పెట్టిన సంతకం బేకార్" అన్నారు మాస్టారు.

ఇంకో రెండు షరతులు కూడా ఆయన పెట్టించారు. ఫారం చదివి వినిపించాక, రోగి దాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. చెప్పాడని డాక్టరూ నేనూ ఇద్దరం సంతకం చేయాలి. చెప్పలేకపోతే తీసుకోకూడదు. రెండోది, రోగి బదులు ఇంట్లోవాళ్లు సంతకం పెట్టడం ఈ ట్రయల్‌లో చెల్లదు. మామూలుగా చెల్లుతుంది. చెల్లకూడదని ఆయన పట్టు. "ఇంటోళ్లు భయం మీద ఉంటరు. భయం మీద ఉన్నోనికి ఏ కాయిదం ఇచ్చినా పెడ్తడు" అన్నారు. కమిటీ ఒప్పుకుంది. ఆ సాయంత్రమే అనుమతి వచ్చింది. తెలుగులో, పెద్ద పెద్ద అక్షరాలతో ఉన్న ఆయన సంతకం అందరి సంతకాల కిందా ఉంది.

మొదట్లో కొన్నిసార్లు, కమిటీ తరఫున చూడటానికి, మేం రోగులతో మాట్లాడేటప్పుడు ఆయన వచ్చి మూల కుర్చీలో కూర్చునేవారు. ఒక్క మాట మాట్లాడేవారు కాదు. కొందరు విని వద్దని వెళ్లిపోయారు. నాకు ప్రాణం ఉసూరుమనేది. ఆయన మాత్రం వద్దన్నవాళ్లకి కూడా లేచి నమస్కారం పెట్టేవారు. సరేనన్నవాళ్లలో చదువు రానివాళ్లుంటే వేలిముద్ర వేసేవారు. వేశాక ఆ సిరా వేలిని ఏం చేయాలో తెలియక గాలిలో పట్టుకుని దిక్కులు చూసేవారు. మా ఆఫీసులో అన్నేళ్లుగా వేలిముద్రలు తీసుకుంటున్నాం, తుడుచుకోవడానికి ఏదన్నా ఇవ్వాలని ఒక్కరికీ తట్టలేదు. మాస్టారు గుడ్డసంచీలోంచి దుకాణంలో మిగిలిన కత్తిరింపు ముక్క ఒకటి తీసి ఇచ్చేవారు. షర్టు గుడ్డ, కోటు గుడ్డ, పట్టు ముక్క, ఏది చేతికొస్తే అది. ఈ వేసవిలో ఆయన కమిటీ గడువు అయిపోయినప్పుడు ఆ సంచీని నా సొరుగులో పెట్టి, "నేను లేకున్నా పనికొస్తయి" అన్నారు.

పరికరం వేయించుకున్నవాళ్లు ఇప్పటిదాకా బాగానే ఉన్నారు. అంతకుమించి చెప్పకూడదు. అది ఇంకా ట్రయలే.

పోయిన నెల ఒక గురువారం పొద్దున మాస్టారిని మా ఆస్పత్రికి తీసుకొచ్చారు. కడుపు ఉబ్బి, వాంతులతో, ఒళ్లు కాలిపోతూ. పేగులో గడ్డ పెరిగి దారి మూసేసింది. ఎన్నాళ్లుగానో పెరుగుతూ ఉండాలి అన్నారు డాక్టర్లు. తరవాత కూతురు చెప్పింది, ఆయన తన ప్యాంటు నడుము తనే రెండుసార్లు బిగించి కుట్టుకున్నారట. ఊళ్లోవాళ్ల కొలతలన్నీ చూపుతోనే చెప్పే మనిషి, సొంత నడుము రెండంగుళాలు తగ్గితే ఎవరికీ చెప్పలేదు. ఈ విషయంలో నాకు ఆయన మీద కోపం ఉంది. చనిపోయిన మనిషి మీద కోపమేమిటి అనకండి, ఉంది.

మధ్యాహ్నంలోగా ఆపరేషన్ చేయాలి. సర్జన్ గారు నన్ను పిలిచి, "మాస్టారు మన ట్రయల్‌కి అన్ని విధాలా సరిపోతారు. కమిటీలో కూడా లేరిప్పుడు. ఫారం పట్టుకురా" అన్నారు. పరుగెత్తాను. నాకు తెలుసు, ఆయన పేగు ఉబ్బి, వాచి ఉంది. అతుకు వదిలే ప్రమాదం అలాంటివాళ్లకే ఎక్కువ. ఈ పరికరం అలాంటివాళ్ల కోసమే.

మంచం పక్కన నిలబడి ఫారం చదివాను. ఆయన కళ్లు మూసుకునే విన్నారు. కచ్చా కుట్టు కాదు అన్న వాక్యాన్ని, ఆయన కోసం రాసిన వాక్యాన్ని, ఆయనకే చదివాను. తరవాత అడిగాను. "మాస్టారూ, ఈ ట్రయల్ అంటే ఏమిటో మీ మాటల్లో చెప్పండి."

ఆయన కళ్లు తెరిచారు. నన్ను గుర్తుపట్టి నవ్వారు. దుప్పటి అంచు మీద ఆయన బొటనవేలూ చూపుడువేలూ ఏదో దారం పట్టుకున్నట్టు కదులుతున్నాయి.

"ట్రయలే గద బిడ్డ" అన్నారు. "ఫికర్ జెయ్యకు. కచ్చా కుట్టే. సరిగ లేకపోతె ఇప్పుదాం."

నీళ్లు తాగించి, కాసేపు ఆగి, మళ్లీ చదివాను. మళ్లీ అడిగాను. ఈసారి ఆయన నా ముఖం వైపు చూశారు గానీ నన్ను చూడలేదు. "నడుము ఎంత?" అని అడిగారు.

కూతురు నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, గా ఫారం రాయించిందే నాయిన. దాంట్ల ఏమున్నదో ఆయనకు తెల్వదా? జ్వరం మీద ఉండి ఏదో అంటుండు. నువ్వు రాసుకో అక్కా. లేకపోతె నేను పెడ్త సంతకం."

సర్జన్ గారు నా వైపు చూశారు. "ఇద్దరం సంతకం చేయాలి. నువ్వేమంటావు?" అన్నారు. బలవంతం చేయలేదు. చేసి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేది. మూల కుర్చీ ఖాళీగా ఉంది. అందులో ఆయన కూర్చుని చూస్తుండగా, మంచం మీద ఇంకెవరో పడుకుని ఇదే జవాబు చెప్పి ఉంటే, పక్కన కూతురు ఇలాగే ఏడుస్తుంటే, నేనేం చేయాలో నాకు తెలుసు. ఆ చేయాల్సిందే చేశాను. "చెప్పలేకపోయారండీ" అన్నాను. సర్జన్ గారు ఫారం మూసేశారు. కూతురు నా చెయ్యి వదిలేసింది.

చేత్తోనే కుట్టారు. శ్రద్ధగా కుట్టారు, నాకా విషయంలో అనుమానం లేదు. జ్వరం తగ్గి, మూడో రోజుకి మాస్టారు అందరినీ గుర్తుపట్టారు. నర్సు చొక్కా కాలరు వంకరగా ఉందన్నారట. నేను వెళ్తే, "ట్రయల్ ఏసిన్రా?" అని అడిగారు. లేదన్నాను. ఎందుకని అడిగారు. ఆయన చెప్పిన జవాబే ఆయనకి చెప్పాను. విని, చిన్నగా తల ఊపారు. మెచ్చుకున్నారా, బాధపడ్డారా, నాకు అర్థం కాలేదు. "గట్లన్ననా నేను?" అని మాత్రం అన్నారు. సోమవారం అడుగుదామనుకున్నాను. సోమవారం కమిటీ కాగితాల పనిలో పడిపోయాను.

మంగళవారం వణుకుతో జ్వరం వచ్చింది. ఐదో రోజు. వార్డు నుంచి ఫోను రాగానే నాకు ఇడ్లీ గుర్తొచ్చింది. మళ్లీ కడుపు తెరిచారు. తరవాత ఐసీయూలో వారం రోజులు. అద్దం బయట బల్ల మీద కూతురూ నేనూ ఒకే చోట కూర్చునేవాళ్లం. ఆ అమ్మాయి నాతో ఒకే ఒక్కసారి మాట్లాడింది. "నీ కాయిదం మంచిగనే ఉన్నది అక్కా. మా నాయిన లేడు ఇగ." అప్పటికి ఆయన ఇంకా ఉన్నారు. ఆ పై మంగళవారానికి లేరు.

పరికరం వేసి ఉంటే బతికేవారా? నన్ను అడగని వాళ్లు లేరు. తెలియదు. 'మాకూ ఇంకా తెలియదు' అని ఆ ఫారంలో రాసింది నేను, రాయించింది ఆయన. అది రాసినప్పుడు ఆ మాట ఇంత బరువుగా ఉంటుందనుకోలేదు. మా నాన్నగారికి ఎవరూ ఏమీ చెప్పలేదని ఏళ్ల తరబడి మండిపడ్డాను. మాస్టారికి అంతా చెప్పాం, ఆయన మాటల్లోనే చెప్పాం, ఆ మాటే ఆయన్ని ట్రయల్ బయట ఉంచింది. నేను తప్పు చేశానని నాకనిపించదు. సరిగ్గా చేశానని నిద్రా పట్టదు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండగలవని ఇప్పుడు తెలిసింది. కొండాపూర్ వైపు వెళ్లాల్సి వస్తే ఆ సందు ముందు ఆటో ఆపొద్దంటాను. దుకాణంలో ఒక మిషనే నడుస్తోందని ఎవరో చెప్పారు.

పోయిన శుక్రవారం ఒకావిడ వచ్చింది. శేరిలింగంపల్లిలో ఉంటుంది, హాస్టల్లో వంట చేస్తుంది. పేగు ఆపరేషన్. చదువు రాదు. ఫారం చదివి వినిపించాను. "ఇప్పుడు నీ మాటల్లో చెప్పమ్మా" అన్నాను.

ఆవిడ కొంచెం ఆలోచించుకుంది. "ట్రయల్ అంటున్నరు గని కచ్చా కుట్టు కాదు. ఒక్కపారి ఏస్తె ఇప్పరాదు. మంచిగైతదో కాదో మీకు గూడ తెల్వది. గంతే గద?"

"అంతేనమ్మా."

"మరి ఏయున్రి. భయమైతె ఉన్నది."

డాక్టరు సంతకం చేశారు. నేనూ చేశాను. ఆవిడ వేలిముద్ర వేసి, సిరా అంటిన బొటనవేలిని గాలిలో పట్టుకుని చుట్టూ చూసింది. సొరుగు లాగి సంచీలో చెయ్యి పెట్టాను. లోపల ముక్కలు ఇంకెన్నో లేవు. చేతికొచ్చింది తీశాను. మీగడ రంగు షేర్వానీ గుడ్డ. దాని మీద నీలం సుద్ద గీత ఒకటి, కత్తెర పడ్డచోట సగంలో ఆగిపోయింది. ఆవిడ గీత లేని వైపు తిప్పి వేలు తుడుచుకుంది. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. "మంచి బట్ట, పారెయ్యకు" అని, నాలుగు మడతలు పెట్టి, కొంగున ముడేసుకుని లేచింది.